చిన్న జాతి కుక్కపిల్లకు దినచర్య ఏర్పరచడం ఎలా?

పామరేనియన్, షిట్జు, పగ్, చివావా వంటి చిన్న జాతుల పిల్లలను తెచ్చుకునే కుటుంబాలు ముందుగా మెత్తటి పరుపు, రంగురంగుల గిన్నెలు, బొమ్మలు కొంటాయి. అవన్నీ తరువాత కొన్నా నష్టం లేదు. పిల్ల ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచే ఉండవలసింది వేళ తప్పని దినచర్య.

రెండు నెలలు నిండిన పామరేనియన్ పిల్ల తరచుగా కిలో బరువు కూడా తూగదు. అంత చిన్న కాలేయంలో నిల్వ ఉండే చక్కెర చాలా తక్కువ. మరోవైపు శరీరం ఎంత చిన్నదైతే ఒంటి వేడి అంత త్వరగా బయటికి పోతుంది కనుక, ఆ వేడిని నిలుపుకోవడానికి అయ్యే ఖర్చు మాత్రం ఎక్కువ. అందుకే ఒక పూట తిండి బాగా ఆలస్యమైతే లాబ్రడార్ పిల్ల ఆకలితో అరిచి గోల చేస్తుంది గానీ, పామరేనియన్ పిల్ల నీరసించి సోలిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి చిన్న జాతి పిల్ల రోజును తిండి వేళలను ఆధారం చేసుకుని అమర్చుకోవాలి. తిండి వేళ స్థిరపడితే మలమూత్రాల వేళ స్థిరపడుతుంది, ఆ రెండూ స్థిరపడితే నిద్ర దానంతట అదే కుదురుతుంది. పిల్లను ఇంట్లోవాళ్ల ఆఫీసు, స్కూలు వేళలకు సర్దాలని చూస్తే ఈ మూడింటిలో ఏదీ కుదరదు. తొలి వారాల్లో సర్దుకోవలసింది ఇల్లే.

తెచ్చే ముందు

కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, విక్రయ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అయినా నెల దాటీ దాటని పిల్లను రెండు నెలలదని చెప్పి అంటగట్టేవారు ఉన్నారు. తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర గడపవలసిన రోజులు గడపని పిల్లకు ఎంత గట్టిగా కొరకవచ్చో తెలియదు, ఒంటరిగా పడుకోవడం రాదు, జబ్బులను తట్టుకునే శక్తి కూడా తక్కువగా ఉంటుంది. వయసు విషయంలో అనుమానం ఉంటే పశువైద్యులు దంతాలను చూసి సుమారుగా చెప్పగలరు.

పిల్లను ఇచ్చేవారిని నాలుగు విషయాలు అడిగి కాగితం మీద రాసుకోవాలి: ఇప్పటివరకు ఏ తిండి పెట్టారు, ఏయే వేళల్లో పెట్టారు, నట్టల మందు ఏ తేదీల్లో వేశారు, టీకా వేసి ఉంటే దాని కార్డు ఏది. అక్కడ పెట్టిన తిండి మీకు నచ్చకపోయినా మొదటి వారం అదే పెట్టాలి. ఇల్లు మారిన దిగులు, తిండి మారిన ఇబ్బంది రెండూ ఒకేసారి వస్తే పిల్లకు విరేచనాలు పట్టుకుంటాయి, అంత చిన్న ప్రాణికి ఒక్కరోజు విరేచనాలైనా చిన్న విషయం కాదు. ఆ తరువాత వారం పది రోజుల్లో పాత తిండిని కొంచెం కొంచెం తగ్గిస్తూ, కొత్త తిండిని పెంచుతూ రావచ్చు.

ఇంట్లో పిల్లకు ఒక మూల కేటాయించాలి. హాల్లో గోడవారగా చిన్న కంచె కట్టి, అందులో ఒక చివర క్రేటు (తలుపున్న పంజరం లాంటి పెట్టె) లేదా పక్క, రెండో చివర మూత్రానికి ప్యాడ్ గానీ పాత వార్తాపత్రికలు గానీ ఉంచాలి. నిద్రపోయే చోటును పాడుచేసుకోకూడదన్న స్వభావం కుక్కలకు సహజంగానే ఉంటుంది కనుక ఈ రెండింటి మధ్య దూరం ఉండాలి. మన ఇళ్లలోని గ్రానైట్, టైల్స్ నేల మీద కుక్కపిల్లల కాళ్లు నాలుగు దిక్కులకూ జారిపోతాయి. చిన్న జాతుల్లో వెనుక కాలి మోకాటి చిప్ప పక్కకు తొలగే లోపం ఎక్కువగా కనిపిస్తుంది, నున్నటి నేల మీద జారడం, సోఫా మీద నుంచి దూకడం దానికి తోడైతే సమస్య ముదురుతుంది. కంచె లోపల పాత చాపో, జారని రబ్బరు పట్టాయో పరచడం సులువైన జాగ్రత్త.

రోజు ఎలా గడవాలి

రెండు నుంచి మూడు నెలల పిల్లకు రోజుకు నాలుగు సార్లు తిండి అవసరం. ఉదయం 6 గంటలకు, 11 గంటలకు, సాయంత్రం 4 గంటలకు, రాత్రి 9:30కు అనుకుంటే పగటి పూటల మధ్య అయిదున్నర గంటలకు మించి విరామం రాదు. మీ ఇంటి వీలును బట్టి ఈ గంటలు కొంచెం అటూ ఇటూ మారవచ్చు గానీ, ఒకసారి పెట్టుకున్న వేళ ఆదివారమైనా, పండగైనా మారకూడదు. కిలోకు బాగా తక్కువ బరువున్న పిల్లకు రాత్రి మధ్యలో కూడా ఒకసారి కొద్దిగా తినిపించాలా అన్నది పశువైద్యులను అడిగి తేల్చుకోవాలి.

ఉదయం పిల్ల కళ్లు తెరిచిన వెంటనే, మీరు పళ్లు తోముకోకముందే, దానిని చేతుల్లోకి ఎత్తుకుని మూత్రం పోయవలసిన చోటికి తీసుకెళ్లాలి. నడిపించుకుంటూ వెళితే దారిలోనే పని అయిపోతుంది. తిరిగి వచ్చాక తిండి పెట్టాలి. గిన్నెను పావుగంట ఉంచి, మిగిలినది తీసేయాలి. రోజంతా గిన్నెలో గింజలు ఉంచితే పిల్ల ఎప్పుడు తిన్నదో తెలియదు, ఎప్పుడు తిన్నదో తెలియకపోతే ఎప్పుడు వెళ్లవలసి వస్తుందో కూడా తెలియదు. తిన్న అయిదు నిమిషాల నుంచి అరగంట లోపు మళ్లీ అదే చోటికి తీసుకెళ్లాలి, ఎందుకంటే కడుపు నిండగానే పేగులు కదలడం మొదలవుతుంది. తరువాత పావుగంటో, ఇరవై నిమిషాలో ఆట. ఆ తరువాత నిద్ర.

నిద్ర గురించి మన ఇళ్లలో పట్టింపు తక్కువ. ఈ వయసు పిల్ల రోజులో పద్దెనిమిది నుంచి ఇరవై గంటలు నిద్రపోవాలి. ఇంటికి కొత్త కుక్కపిల్ల వచ్చిందని చుట్టుపక్కల పిల్లలంతా వచ్చి, ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మార్చుకుంటూ సాయంత్రం దాకా ఆడిస్తే, రాత్రికి అది కనిపించిన ప్రతి చేతినీ కొరుకుతూ, గిరగిరా పరుగెడుతూ, పిచ్చెక్కినట్టు ప్రవర్తిస్తుంది. చాలామంది దానిని హుషారు అనుకుని ఇంకా ఆడిస్తారు. నిజానికి అది నిద్ర చాలని పిల్ల. దానిని క్రేటులో పెట్టి, పైన పలుచటి గుడ్డ కప్పి, గది నిశ్శబ్దంగా ఉంచితే పది నిమిషాల్లో నిద్రపోతుంది. మేలుకున్న ప్రతి గంటకూ ఒకటిన్నర, రెండు గంటల నిద్ర ఉండేలా చూస్తే పగలు సాఫీగా గడుస్తుంది. నిద్రలో ఉన్న పిల్లను ఎవరూ ఎత్తుకోకూడదన్న నియమాన్ని ఇంట్లోని చిన్నపిల్లలకు మొదటి రోజే చెప్పాలి.

ఇలా లేవడం, వెళ్లడం, తినడం, మళ్లీ వెళ్లడం, ఆడటం, పడుకోవడం అన్న వరుస పగలంతా నాలుగైదు సార్లు తిరుగుతుంది. గడియారంలోని గంట కంటే ఈ వరుస ముఖ్యం. పిల్లకు గడియారం తెలియదు, ఏది అయ్యాక ఏది వస్తుందో మాత్రం చాలా త్వరగా తెలుసుకుంటుంది.

మలమూత్రాల అలవాటు

ఎన్ని నెలల వయసో దానికి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య, పిల్ల గరిష్ఠంగా ఆపుకోగల గంటలని శిక్షకులు ఒక లెక్క చెబుతారు. చిన్న జాతుల్లో మూత్రాశయం కూడా చిన్నదే కనుక ఆ లెక్కను నమ్ముకోకుండా, మేలుకున్న వేళల్లో గంటకోసారి, ఎంత ఆలస్యమైనా రెండు గంటల లోపు తీసుకెళ్లడం మంచిది.

అయితే గంటల కంటే నమ్మదగినది పిల్ల ఒళ్లు. బొమ్మతో ఆడుతున్న పిల్ల ఉన్నట్టుండి బొమ్మను వదిలేస్తుంది. ముక్కును నేలకు ఆనించి, ఏదో పోగొట్టుకున్నట్టు వాసన చూస్తూ మూలకో, సోఫా వెనక్కో నడుస్తుంది. ఒకే చోట రెండు మూడు చుట్లు తిరుగుతుంది, వెనుక కాళ్ల మధ్య ఎడం పెరుగుతుంది. బొమ్మను వదిలిన క్షణానికీ చుట్లు తిరిగే క్షణానికీ మధ్య ఉండేది కొన్ని సెకన్లే. ఆ సెకన్లలో ఎత్తుకుని ప్యాడ్ మీద దించి, "సుస్సు" అనో, మరేదైనా ఒక్క మాటో ప్రతిసారీ అదే అంటూ, పని పూర్తయ్యే దాకా కదలకుండా నిలబడాలి. పూర్తయిన రెండు మూడు సెకన్లలోనే మెచ్చుకోవాలి, చిటికెడు ఉడికించిన కోడిమాంసం పెట్టాలి. ఆ చోటు వదిలి వచ్చాక పెడితే, వచ్చినందుకు పెట్టారని పిల్ల అనుకుంటుంది.

పొరపాటున నేల మీద పోస్తే ముక్కును అందులో రుద్దడం, న్యూస్‌పేపరు చుట్టి కొట్టడం వంటి పాత పద్ధతులు పనికిరావు. వాటి వల్ల పిల్ల నేర్చుకునేది మనిషి ఎదుట మూత్రం పోయకూడదని. ఆ తరువాత అది మంచం కింద, కర్టెన్ వెనుక పని కానిస్తుంది, బయటికి తీసుకెళితే మీరు పక్కన ఉన్నంతసేపు పోయదు. తడిని ఒత్తి తీసి, మూత్రం వాసనను విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్‌తో తుడవాలి. అమ్మోనియా ఉన్న క్లీనర్ల వాసన మూత్రం వాసనను పోలి ఉండి పిల్లను మళ్లీ అక్కడికే రప్పిస్తుంది. ఫినాయిల్ పాదాలకు అంటి, నాకినప్పుడు కడుపులోకి పోతుంది కనుక పిల్ల తిరిగే చోట దానిని వాడకపోవడమే క్షేమం.

ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి, తిన్న వేళ, మూత్రం పోసిన వేళ, మలవిసర్జన వేళ ఇంట్లో ఎవరు చూస్తే వారు రాయాలి. ఇది మొదట చాదస్తంగా అనిపించవచ్చు. వారం తిరిగేసరికి మీ పిల్ల తిన్న ఎంతసేపటికి వెళుతుందో, ఏ వేళ పొరపాట్లు జరుగుతున్నాయో ఆ కాగితంలోనే కనిపిస్తుంది. పొరపాట్లన్నీ సాయంత్రం ఆరు, ఏడు మధ్యే జరుగుతున్నాయంటే ఆ వేళ ఇంట్లో అందరూ వంటలోనో, హోంవర్కులోనో మునిగి పిల్లను గమనించడం లేదని అర్థం. పశువైద్యుల దగ్గరికి వెళ్లినప్పుడు కూడా ఈ కాగితం చాలా ఉపయోగపడుతుంది.

రాత్రి

తల్లినీ తోబుట్టువులనూ విడిచి వచ్చిన పిల్ల మొదటి రాత్రులు ఏడుస్తుంది. ఏడ్చి ఏడ్చి అదే ఊరుకుంటుందని వంటగదిలో పెట్టి తలుపు వేయడం సరికాదు. క్రేటును మీ మంచం పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా ఉంచాలి. వారం రెండు వారాల తరువాత దానిని రోజుకు కొంచెం చొప్పున అనుకున్న చోటికి జరుపుకోవచ్చు. రాత్రి 9:30కు తినిపించి, 10 గంటలకు, మళ్లీ పడుకోబోయే ముందు మూత్రానికి తీసుకెళ్లాలి. మొదటి వారాల్లో రెండు గంటల ప్రాంతంలో అలారం పెట్టుకుని ఒకసారి లేవక తప్పదు. అప్పుడు లైటు వేయకుండా, మాట్లాడకుండా, ముద్దు చేయకుండా తీసుకెళ్లి తెచ్చి పడుకోబెట్టాలి, లేకపోతే అర్ధరాత్రి ఆట ఉంటుందని పిల్ల రోజూ లేపుతుంది. రాత్రి తడపకుండా ఉంటోందని తేలాక అలారాన్ని పావుగంట చొప్పున ఆలస్యం చేస్తూ పోవాలి. మూత్రం పోస్తుందన్న భయంతో నీళ్ల గిన్నె తీసేయడం, ముఖ్యంగా మన ఎండాకాలంలో, ఎంతమాత్రం మంచిది కాదు.

ఏం తినిపించాలి, ఎప్పుడు భయపడాలి

మన ఇళ్లలో పెంపుడు కుక్క అనగానే పెరుగన్నం గుర్తొస్తుంది. అది విషం కాదు, కానీ పెరిగే పిల్లకు కావలసిన మాంసకృత్తులు, కాల్షియం, కొవ్వు సరైన పాళ్లలో అందులో ఉండవు. చిటికెడంత కడుపును అన్నంతో నింపేస్తే అసలైన పోషణకు చోటే మిగలదు. చిన్న జాతి పిల్లల కోసం తయారైన చిన్న గింజల తిండిని గోరువెచ్చటి నీటిలో నానబెట్టి పెట్టడం తొలి నెలల్లో సులువైన, సరిపోయే పద్ధతి. పైన కొంచెం ఉడికించిన గుడ్డు, ఉప్పూ మసాలా లేని, ఎముక లేని కోడిమాంసం కలపవచ్చు. ఇంటి తిండే పెట్టాలనుకునేవారు పశువైద్యుల చేత పాళ్లు రాయించుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న చూయింగ్ గమ్ కుక్కలకు విషపూరితాలు. పండగనాడు పాయసంలోని కిస్‌మిస్‌ను ముద్దుగా నోట్లో పెట్టే బంధువులకు ఈ మాట ముందే చెప్పి ఉంచాలి. ఆవుపాలు చాలా కుక్కపిల్లలకు అరగక విరేచనాలు తెస్తాయి.

వంటింటి తూకం మీద పిల్లను రోజూ ఒకే వేళ తూచి, ఆ బరువును కూడా ఫ్రిజ్ కాగితం మీద రాయాలి. రోజుకు కొన్ని గ్రాములే పెరిగినా పరవాలేదు. పెరుగుదల ఆగి, తగ్గడం మొదలైతే మాత్రం ఆగకుండా వైద్యులకు చూపాలి.

రక్తంలో చక్కెర పడిపోయిన పిల్ల ఎలా ఉంటుందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. పేరు పెట్టి పిలిచినా లేవదు, తిండి గిన్నె దగ్గరికి వచ్చి వాసన చూసి తల తిప్పుకుంటుంది, నడిస్తే తాగినట్టు తూలుతుంది, ఒళ్లు చల్లబడి వణుకుతుంది, ముదిరితే మూర్ఛ వస్తుంది. అలాంటప్పుడు తేనె గానీ చిక్కటి గ్లూకోజు నీరు గానీ వేలికి రాసుకుని చిగుళ్లకు రుద్దాలి, గుడ్డలో చుట్టి వెచ్చగా ఉంచాలి, వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి. స్పృహ లేని పిల్ల నోట్లో నీళ్లు గానీ, పాలు గానీ పోయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పిల్ల తేరుకున్నట్టు కనిపించినా ప్రయాణం మానకూడదు, చక్కెర పడిపోవడానికి కడుపులోని నట్టలు గానీ, పార్వో వంటి వైరస్ జబ్బు గానీ కారణమై ఉండవచ్చు. రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో పిల్లను తెచ్చిన రోజే కనుక్కుని ఫోన్ నంబరు రాసిపెట్టుకోవాలి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్న వైద్యశాలల్లో కుక్కలకూ చికిత్స చేస్తారు, ఆ చుట్టుపక్కల ఉండేవారు వాటి వేళలు తెలుసుకుని ఉంచుకోవడం మంచిది.

టీకాలు పూర్తయ్యే దాకా బయటి ప్రపంచం

డిస్టెంపర్, పార్వో, అడినోవైరస్ జబ్బులకు ఇచ్చే టీకా ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలై, రెండు నుంచి నాలుగు వారాలకొకసారి చొప్పున పదహారు వారాల వయసు దాటే దాకా సాగుతుంది. రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలలకు వేస్తారు. నట్టల మందు మొదట రెండు వారాలకొకసారి, తరువాత ఆరు నెలల వరకు నెలకొకసారి వేయిస్తారు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది కనుక, టీకాలు పూర్తికాని పిల్లను వీధికుక్కలు తిరిగే రోడ్డు మీద, పార్కులో కింద దించకూడదు.

అలాగని నాలుగు నెలలూ ఇంట్లోనే దాచితే మరో నష్టం. మూడు నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల మధ్య పిల్ల చూసినవీ, విన్నవీ దానికి జీవితాంతం మామూలుగా తోస్తాయి, చూడనివి భయపెడతాయి. చిన్న కుక్కలు కనిపించిన ప్రతి మనిషి మీదా మొరగడానికి, కాళ్లను కరవబోవడానికి చాలావరకు కారణం ఆ వయసులో వాటికి లోకం చూపించకపోవడమే. కాబట్టి ఉదయం ఆట వేళలో ఒక పావుగంట ఎత్తుకుని గేటు దగ్గర నిలబడాలి. పాలబండి, స్కూలు ఆటో, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ కుర్రాడు, ఊడ్చే చీపురు, లిఫ్ట్ తలుపు చప్పుడు, ఇవన్నీ ఒక్కొక్కటిగా, మీ చేతుల్లో భద్రంగా ఉండగా చూడనివ్వాలి. ఇంట్లో కుక్కర్ కూత, మిక్సీ మోత వినిపించినప్పుడల్లా ఒక గింజ పెట్టాలి. పిల్ల ముడుచుకుపోతే దూరంగా జరగాలి, బలవంతం చేయకూడదు.

ఇదే వేళలో రెండు నిమిషాలు ఒళ్లు ముట్టుకునే అలవాటు కూడా చేయాలి. పాదాలు, చెవులు, పెదవి కింద పళ్లు రోజూ తాకాలి, బొచ్చును మెత్తటి దువ్వెనతో దువ్వాలి, చెవుల వెనుక, వేళ్ల సందుల్లో గోమార్లు ఉన్నాయేమో చూడాలి. చిన్న నోట్లో పళ్లు ఇరుక్కుని ఉంటాయి కనుక చిన్న జాతులకు చిగుళ్ల జబ్బు త్వరగా వస్తుంది. కుక్కల కోసం చేసిన పేస్టుతో వేలి బ్రష్ అలవాటు ఇప్పుడే మొదలుపెడితే, పెద్దయ్యాక పోరు ఉండదు. మెడకు పట్టీ వేసి లాగితే చిన్న జాతుల సున్నితమైన శ్వాసనాళం నలుగుతుంది, అందుకని నడక నేర్పేటప్పుడు ఛాతీకి తొడిగే హార్నెస్‌నే వాడాలి.

పాలపళ్ల పిల్ల ఆటలో గీరినా, కొరికినా రక్తం వస్తే చిన్న పిల్ల కదా అని వదిలేయకూడదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టరును కలవాలి. రేబిస్ సోకితే చికిత్స లేదు, టీకా మాత్రం ఉంది.

ఒంటరిగా ఉండటం

పిల్లను ఎప్పుడూ ఒళ్లోనే ఉంచుకుంటే ఒకరోజు మీరు గడప దాటగానే ఇరుగుపొరుగు తలుపు తట్టేంతగా ఏడుస్తుంది. రెండో రోజు నుంచే, తిని, మూత్రం పోసి, నిద్రకు వాలే వేళ చూసి కంచెలో ఉంచి, పక్క గదిలోకి రెండు నిమిషాలు వెళ్లి రావాలి. తరువాత అయిదు, పది, ఇరవై నిమిషాలు. వెళ్లేటప్పుడు వీడ్కోలు, వచ్చేటప్పుడు సంబరం రెండూ వద్దు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో మొదటి రెండు వారాలు ఒకరు సెలవు పెట్టాలి, లేదా అమ్మమ్మో, తాతయ్యో, నమ్మకమైన పొరుగువారో పదకొండు గంటల తిండికీ, నాలుగు గంటల తిండికీ రాగలగాలి. ఆ ఏర్పాటు లేని ఇంటికి రెండు నెలల చిన్న జాతి పిల్ల సరిపోదని నా గట్టి అభిప్రాయం. ఏడాది దాటిన కుక్కను దత్తత తీసుకుంటే ఆ ఇంటికీ, కుక్కకూ మేలు.

ఎండాకాలంలో, ఆరు నెలల తరువాత

ఏప్రిల్, మే నెలల్లో ఆట, నడక అన్నీ ఉదయం ఏడు గంటల లోపు, సాయంత్రం పొద్దుగుంకాకే పెట్టుకోవాలి. అరచేతి వెనుక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే పిల్ల పాదాలు కూడా తట్టుకోలేవు. పగ్, షిట్జు వంటి చప్పిడి ముక్కు జాతులు ఒగర్చి ఒంటి వేడిని తగ్గించుకోవడంలో వెనుకబడి ఉంటాయి కనుక వాటికి మధ్యాహ్నం ఫ్యానో, కూలరో ఉన్న గది తప్పనిసరి.

మూడు, నాలుగు నెలలు దాటాక, బరువు సక్రమంగా పెరుగుతూ ఉంటే, ఒక పూట తిండిని మిగిలిన పూటలలో కలిపి, వేళలను సమంగా సర్ది మూడు పూటలు చేయవచ్చు. ఆరు నెలల తరువాత రెండు, లేదా బాగా చిన్న శరీరం అయితే మూడు పూటలే కొనసాగించవచ్చు. తిండి వేళ మార్చిన ప్రతిసారీ విసర్జన వేళలు కూడా మారతాయి కాబట్టి, ఆ వారం ఫ్రిజ్ మీద కాగితాన్ని మళ్లీ రాయడం మొదలుపెట్టాలి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తాయి. ఆ రోజుల్లో కనిపించిన చెప్పునల్లా నమిలే పిల్లకు, ఆట వేళల్లో, తడిపి ఫ్రిజ్‌లో చల్లబరిచిన గుడ్డను మీ కళ్ల ముందే నమలడానికి ఇస్తే హాయిగా ఉంటుంది. చిన్న జాతుల్లో పాత కోరపన్ను ఊడకుండానే పక్కన కొత్తది మొలవడం తరచుగా జరుగుతుంది. ఆరు నెలలకు కూడా రెండూ కనిపిస్తూ ఉంటే పశువైద్యులకు చూపించి, పాతదాన్ని తీయించాలా అని అడగాలి.